నిన్ను అడిగినారామ్మా?

1979 మే నెల. ఎండాకాలం సెలవులు. చిత్తూరు జిల్లా పాకాల వైపు మా పల్లెలో నాయన పాఠాలు చెప్పే బడిని ఆ వారం కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల క్యాంపుకి ఇచ్చేశారు. బెంచీలన్నీ వరండాలో ఒకదాని మీద ఒకటి పేర్చారు. లోపల నేల మీద ఈతచాపలు పరిచి, చాపకొక ఆడమనిషిని పడుకోబెట్టారు. ఆపరేషన్ చేసేది రోడ్డు మీదున్న ఆసుపత్రిలో, పడక మా బళ్ళో. జీపులో తెచ్చి దించుతున్నారు. నాలుగో చాప మీద మా అమ్మ. ఆమె తల వైపు నల్లబోర్డు మీద నాయన ఏప్రిల్‌లో రాసిన పదమూడో ఎక్కం సగం చెరిగి అలాగే ఉంది.

నాకప్పుడు ఏడేళ్ళు, చెల్లికి నాలుగు. అవ్వ చంకలో నాలుగు నెలల తమ్ముడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. అమ్మ కళ్ళు సగం తెరిచి చెయ్యి చాపుతోంది. నర్సమ్మ వద్దంది. మత్తు దిగలేదు, కుట్లు ఊడతాయి, బిడ్డను ఎత్తుకోకూడదు అంది. అవ్వ గుమ్మం దగ్గర కూర్చుని ఉగ్గుగిన్నెతో ఆవుపాలు పట్టబోతే వాడు ఉమ్మేశాడు. ఆ ఏడుపు నాకు ఇప్పటికీ గుర్తుంది. అమ్మకి అప్పుడు 23 ఏళ్ళు.

అమ్మను క్యాంపుకి తీసుకెళ్ళింది నాయనే. ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పాలి. ఎమర్జెన్సీ రోజుల్లో, 1976లో, బడిపంతుళ్ళకు కూడా 'కేసులు' తెమ్మని లెక్క ఇచ్చారు. కేసు అంటే మనిషి. ఆపరేషన్‌కి ఒప్పించి తీసుకొచ్చిన మనిషిని కేసు అనేవాళ్ళు. ఆ ఒక్క సంవత్సరంలోనే దేశం మొత్తం మీద 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయని, అందులో ఎక్కువ మంది మగవాళ్ళేనని నేను చాలా ఏళ్ళ తర్వాత చదివాను. జీపు చప్పుడు వినబడితే మా ఊరి మగవాళ్ళు చెనక్కాయ చేలల్లో పడి దాక్కునేవాళ్ళని అవ్వ చెప్పేది. 1977 ఎన్నికల్లో ప్రభుత్వం పడిపోయింది. దాంతో మగవాళ్ళ జోలికి పోవాలంటే అందరికీ భయం పట్టుకుంది. లెక్కలు మాత్రం ఆగలేదు, మెల్లగా ఆడవాళ్ళ మీదికి జరిగాయి. 1979లో నాయనకు ఇంకా ఒక కేసు తక్కువుంటే, పైవాళ్ళు 'మీ ఇంట్లోంచే మొదలుపెట్టండి మాస్టారూ' అన్నారట.

అలా మా అమ్మ నాయన ఖాతాలో కేసు అయ్యింది.

నాయన ఎందుకు చేయించుకోలేదని పెద్దయ్యాక అమ్మనే అడిగాను. 'మొగోడు, కష్టం చేసేవోడు, నీరసించి పోతాడు కదమ్మే' అంది. నాయన చేసే కష్టం సుద్దముక్క పట్టుకోవడం. గడ్డిమోపు మోసేది, బావిలో నీళ్ళు తోడేది, చెనక్కాయ పీకేది అమ్మ. అయినా ఆ మాట అమ్మ నమ్మే చెప్పింది. మగవాళ్ళకు చేసే వేసెక్టమీ చాలా చిన్న ఆపరేషన్. కడుపు కోయాల్సిన పని లేదు, ఆ రోజే ఇంటికి రావచ్చు. ఇది మా ఊళ్ళో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే కూడా ఆంధ్రలో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మగవాళ్ళు ఒక శాతం కూడా లేరు. చెనక్కాయ చేలల్లో దాక్కున్నవాళ్ళు ఇంకా బయటికి రానట్టే అనిపిస్తుంది నాకు.

1989లో డిగ్రీ చదవడానికి తిరుపతి వచ్చాను. పద్మావతి మహిళా కాలేజీ, హాస్టల్లో ఒక గదికి నలుగురం. శనివారం సాయంత్రం గోవిందరాజస్వామి గుడి వైపు నడిచిపోయి, గాంధీ రోడ్డులో రిబ్బన్లు, పిన్నీసులు కొనుక్కుని రావడమే మాకు పెద్ద పండగ. ముట్టయితే చెవిలో చెప్పుకునే రోజులు. ఒకమ్మాయికి నెలకు రెండుసార్లు వచ్చేది. పాపం, ఏదో పాపం చేశానని అలిపిరి మెట్ల దగ్గర కొబ్బరికాయలు కొట్టేది.

1991లో హైదరాబాద్ వెళ్ళొచ్చిన ఒక సీనియర్ అక్క ఒక పుస్తకం తెచ్చింది. 'సవాలక్ష సందేహాలు'. స్త్రీశక్తి సంఘటన అనే హైదరాబాద్ స్త్రీల సంఘం వాళ్ళు వేసింది. అప్పటికి మా చేతికి వచ్చిన పుస్తకాల్లో ఆడదాని ఒళ్ళు గురించి అంత మామూలుగా, అంత మర్యాదగా తెలుగులో మాట్లాడింది లేదు. నెలసరి, కాన్పు, లూపు, మాత్రలు, అబార్షన్, ఆపరేషన్, అన్నీ ఉన్నాయి. వార్డెన్ చూస్తుందేమోనని కెమిస్ట్రీ రికార్డు అట్ట తొడిగి చదివాం. రాత్రి లైట్లు ఆర్పాక ఒకరు టార్చి పట్టుకుంటే ఒకరు చదివేవాళ్ళం. నెలకు రెండుసార్లు ముట్టయ్యే ఆ పిల్ల విని విని ఒక రాత్రి లేచి కూర్చుంది. 'అయితే ఇది రోగమేనా, పాపం కాదా?' అంది. మర్నాడు ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళాం. రక్తం బాగా తగ్గిపోయిందన్నారు. మందులతో కుదురుకుంది.

పటాన్‌చెరు సంగతి చెప్పింది కూడా ఆ అక్కే. 1985లో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ఆసుపత్రిలో 'నెట్-ఎన్' అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ఇవ్వడానికి పల్లె ఆడవాళ్ళను పిలిపించారు. అది ఇంకా పరీక్షల్లో ఉన్న మందు. తాము ఆ పరీక్షలో భాగమని ఆ వచ్చినవాళ్ళకు తెలియదు. స్త్రీశక్తి సంఘటన ఆడవాళ్ళు అక్కడికి వెళ్ళి, మీకు ఇచ్చేది ఏమిటో చెప్పారా, మిమ్మల్ని అడిగారా అని ప్రశ్నించారు. 1986లో వాళ్ళూ, ఢిల్లీ నుంచి సహేలీ అనే స్త్రీల సంఘం, ఇంకొందరూ కలిసి సుప్రీంకోర్టులో కేసు వేశారు. ఆ కేసు 2000 దాకా నడిచింది.

ఆ అక్క చెబుతుంటే నాకు బోర్డు మీది పదమూడో ఎక్కం కళ్ళ ముందుకొచ్చింది. మిమ్మల్ని అడిగారా! ఇంత చిన్న మాట. మా అమ్మను ఎవరైనా అడిగారా? వేలిముద్ర వేయించుకున్నారు, అది మాత్రం నాకు తెలుసు. అమ్మకు సంతకం పెట్టడం వచ్చు. ఐదో తరగతి దాకా చదివింది. సంతకం వచ్చా అని కూడా అడగకుండా బొటనవేలు పట్టుకుని సిరాలో ముంచారు. చాలాకాలం వరకూ నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఆ సంగతే.

1992లో మహిళా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ.లో చేరాను. ఎన్టీ రామారావు గారు 1983లో పెట్టిన యూనివర్సిటీ, మాకంటే పదకొండేళ్ళే చిన్నది. మేము చేరిన ఏడే పక్క జిల్లా నెల్లూరులో, దూబగుంటలో ఆడవాళ్ళు సారా అంగడి మీదికి లేచారు. చూస్తుండగానే చిత్తూరు జిల్లాకూ పాకింది. మేము ఎనిమిది మందిమి, ఒక లెక్చరర్ మేడంతో కలిసి ఆదివారాలు పల్లెలకు పోయేవాళ్ళం. బస్సు దిగి రెండు మూడు మైళ్ళు నడక. పోయిన చోటల్లా రాగి సంగటి, ఊరిబిండి పెట్టేవాళ్ళు.

శ్రీకాళహస్తి దారిలో ఒక పల్లెలో, వేపచెట్టు కింద సారా గురించి మొదలైన మాట ఎప్పుడు మళ్ళిందో తెలియదు, కాన్పుల మీదికి పోయింది. ముప్పై ఏళ్ళుంటాయేమో, ఒకామె లేచి నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. ఆపరేషన్ అయిన రెండేళ్ళకు ఆమె నెల తప్పిందట. ఆపరేషన్ అప్పుడప్పుడూ ఫెయిల్ అవుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, మొగుడికీ తెలియదు. ఇంట్లోంచి గెంటేశాడు. 'డాక్టరమ్మ చీటీ రాసిచ్చినా నమ్మలా. నా బిడ్డను ఇప్పటికీ వాళ్ళ నాయన ఎత్తుకోడు మేడం' అంది. చెట్టు కింద ఒక్కరూ కదల్లేదు. ఆ తర్వాత ఒకరి వెంట ఒకరు మొదలుపెట్టారు. నడుం పట్టేసిందని, క్యాంపులో చీరలు మార్చుకోవడానికి కూడా మరుగు లేదని, ఆపరేషన్ రోజే నడిపించి పంపారని. సారా మీద అర్జీ రాయడానికి తీసుకెళ్ళిన కాగితాలన్నీ ఈ మాటలతో నిండిపోయాయి. తిరిగి వచ్చే బస్సులో మేమెవరమూ మాట్లాడుకోలేదు.

1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. యూనివర్సిటీలో మిఠాయి పంచుకున్నాం. ఆ ఏడే 'నీలిమేఘాలు' అనే స్త్రీవాద కవితల పుస్తకం వచ్చింది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' చదివాక, ఆసుపత్రిలో ఆడదాని కేకలు, రక్తం, సిగ్గు, ఇవన్నీ కవిత్వంలోకి కూడా రావచ్చని తెలిసింది. 'ఇవి కవితలా?' అని ముఖం చిట్లించిన పెద్దమనుషుల్ని చూశాను. నాకైతే వేపచెట్టు కింద మాట్లాడిన ఆమె గొంతే వినబడింది.

ఇన్ని చదివి, ఇన్ని ఊళ్ళు తిరిగి, మా అమ్మను మాత్రం కాపాడుకోలేకపోయాను. ఆ ఏడాది చివర అమ్మకు రక్తస్రావం ఎక్కువైంది. ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో చూపిస్తే, గర్భసంచి తీసేయకపోతే క్యాన్సర్ అవుతుందని భయపెట్టారు. పరీక్షలేవీ చేయలేదు. పిల్లలు అయిపోయారు కదా, ఇంకెందుకది, పీడ వదులుతుంది అన్నారు. నాకు ఉత్తరం చేరేసరికి ఆపరేషన్ అయిపోయింది. అమ్మకు 37 ఏళ్ళు. అప్పటి నుంచే మోకాళ్ళ నొప్పులు, ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం. 'ఒక్క వారం ఆగి నాకు చెప్పుంటే' అని నేనంటే, 'నువ్వు చదువుకుంటా ఉంటివి, టెన్షన్ పెట్టేదెందుకని' అంది. 2015-16 సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో దాదాపు 9 శాతం మందికి ఆంధ్రలో గర్భసంచి లేదు. దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ. ఆ లెక్కలో మా అమ్మ లేదు, అప్పటికే ఆమెకు యాభై దాటింది. అమ్మలాంటివాళ్ళను కూడా కలిపితే ఎంతవుతుందో!

ఇక నా సంగతి. ఇన్నేళ్ళూ ఎక్కడా రాయలేదు. నా కూతురు ఇంతవరకు రాసింది చదివి, 'ఇది కూడా రాయమ్మా' అన్నాకే రాస్తున్నాను.

1997 మార్చిలో అమ్మాయి పుట్టింది. తొమ్మిది నెలలు నిండకముందే మళ్ళీ నెల తప్పాను. జాగ్రత్తలు తీసుకున్నా తప్పింది. మొదటి కాన్పుకే చాలా రక్తం పోయింది, ఇంకా కోలుకోలేదు. ఉద్యోగం కొత్త. మా ఆయన బెంగుళూరులో పని చేస్తున్నాడు. ఎస్టీడీ బూత్‌లో నుంచి ఫోన్ చేస్తే, 'నీ ఆరోగ్యం ముఖ్యం, నువ్వు ఎట్లనుకుంటే అట్ల' అన్నాడు. జనవరిలో తిరుపతిలోనే ఒక ఆసుపత్రికి వెళ్ళాను. లోపలికి పోగానే, 'మీ ఆయనేడీ? ఆయన సంతకం లేకుండా మేం చెయ్యం' అన్నారు.

1971 అబార్షన్ చట్టం నాకు తెలుసు. పద్దెనిమిదేళ్ళు నిండిన ఆడదానికి ఆమె ఒప్పుకోలు ఒక్కటే చాలు. మొగుడి సంతకం అని ఆ చట్టంలో ఎక్కడా లేదు. ఆ మాటే చెప్పాను. 'చదువుకున్నదానివి, చట్టాలు మాకు నేర్పిస్తావా' అని ఫైలు పక్కన పెట్టేశారు. ఆయన ఒప్పుకోలేదని కాదు నా బాధ. ఫోన్ చేస్తే మర్నాటికి బస్సెక్కి వచ్చేవాడు. పిలవాలనిపించలేదు. బయట రోడ్డు మీద నిలబడి చాలాసేపు ఏడ్చాను.

ఆ చట్టం గురించి ఒకమాట. అది ఆడవాళ్ళు ఉద్యమం చేసి తెచ్చుకున్నది కాదు. నాటు మందులతో, పుల్లలతో కడుపు తీయించుకుని ఎంతోమంది చనిపోతుంటే, 1964లో శాంతిలాల్ షా కమిటీ వేశారు. వాళ్ళ సిఫార్సుల మీద చట్టమై, 1972 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. ఎన్నో ప్రాణాలు కాపాడింది, కాదనను. కానీ అందులో నిర్ణయం డాక్టరుది. డాక్టరు సరేనంటేనే. 'నాకు వద్దు' అని ఆడది చెప్పడం ఒక్కటే కారణంగా సరిపోదు. హక్కుగా అడగడం ఆ తర్వాత వచ్చిన స్త్రీ సంఘాలు నేర్పాయి.

నాలుగో రోజు ఒక స్నేహితురాలు నన్ను ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. పెద్దావిడ, తెల్లచీర, గట్టిగా మాట్లాడే మనిషి. స్నేహితురాలిని బయట కూర్చోమని తలుపు వేసింది. నా పక్కకే కుర్చీ లాక్కుని కూర్చుని, 'ఇది నీ ఇష్టమేనామ్మా? అత్తగారు, మొగుడు, ఎవరైనా బలవంతం చేస్తున్నారా? స్కానింగ్ ఏమైనా చేయించి ఆడపిల్లని తెలిసి వచ్చావా?' అని అడిగింది. ఒక్కొక్కటే అడిగి, నేను చెప్పేదాకా ఆగింది. ఆ తర్వాత అబార్షన్‌కి ఒప్పుకుంటున్నానని రాసిచ్చే ఫారం సి ఇచ్చి, చదివి సంతకం పెట్టమంది. 'తొందరేం లేదు, చదువుకో' అంది. చదివాను. పెన్ను పట్టుకుంటే అమ్మ బొటనవేలు గుర్తొచ్చి చెయ్యి వణికింది. ఆమె ఇంకోలా అనుకుని, 'భయంగా ఉంటే రేపు రా, నేను ఇక్కడే ఉంటాను' అంది. నా ఒంటి గురించి నన్ను అడిగి, జవాబు కోసం ఆగిన మొదటి డాక్టరు ఆమే.

ఆమె స్కానింగ్ గురించి అడగడం వెనక కూడా ఒక పోరాటం ఉంది. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పకూడదని 1980లలో బొంబాయి ఆడవాళ్ళు ఉద్యమం మొదలుపెడితే, 1988లో మహారాష్ట్రలో, 1994లో దేశమంతటికీ చట్టం వచ్చింది. అబార్షన్ హక్కు కావాలి, ఆడపిల్లని అబార్షన్ చేయకూడదు. ఈ రెండూ ఒకే గొంతుతో ఎట్లా అంటారని ఎంతోమంది మమ్మల్ని నిలదీశారు. ఆ డాక్టరమ్మ అడిగిన మూడు ప్రశ్నల్లో నాకు ఆ జవాబు దొరికింది.

మా పిన్ని కథ వేరే. డ్వాక్రా గ్రూపు లీడరు. ఊళ్ళో నీళ్ళ ట్యాంకు ఆమె వెంటబడితేనే వచ్చింది. ఇద్దరు ఆడపిల్లల తర్వాత మూడో కాన్పు వద్దని మొత్తుకుంటే అత్త వినలేదు. 1997లో మూడోసారి కనింది, మళ్ళీ ఆడపిల్లే. 2001లో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఊరంతా పిన్నినే నిలబడమంది. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలుంటే పోటీకి పనికిరారు. మూడోది వద్దంటే అత్త ఊరుకోలేదు, మూడోది ఉందని చట్టం ఊరుకోలేదు. చివరికి ఇద్దరు పిల్లలున్న ఇంకొకరి భార్యను నిలబెట్టారు. సంతకాలన్నీ ఆమె మొగుడే పెట్టాడు. స్త్రీ సంఘాలు ఈ నిబంధనను ఎంత వ్యతిరేకించినా, 2003లో హర్యానా కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి నిబంధననే సమర్థించింది.

2021లో అబార్షన్ చట్టం మార్చారు. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, పెళ్ళి కాని ఆడవాళ్ళకూ 24 వారాల దాకా అదే హక్కు ఉందని చెప్పింది. ఆ సాయంత్రం హైదరాబాద్ నుంచి అమ్మాయి ఫోన్ చేసి, 'అమ్మా, న్యూస్ చూశావా' అంది. అంతకంటే ఇద్దరమూ ఏమీ మాట్లాడుకోలేదు.

2024 నవంబరులో అసెంబ్లీ ఆ ఇద్దరు పిల్లల నిబంధన తీసేసింది. అప్పుడు అమ్మ తిరుపతిలో మా ఇంట్లోనే ఉంది. టీవీలో వార్త చదువుతున్నారు. జనాభా తగ్గిపోతోంది, ముసలివాళ్ళు పెరిగిపోతారు, పిల్లల్ని కనండి అని ముఖ్యమంత్రి గారే చెబుతున్నారు. 1997లో రాష్ట్ర జనాభా విధానం తెచ్చినప్పుడూ ముఖ్యమంత్రి ఆయనే, మా చంద్రగిరి పక్క నారావారిపల్లెలో పుట్టిన చంద్రబాబు గారే. నిబంధన తీసేయడం మంచి పనే. పిన్నిలాంటివాళ్ళకు ఇరవై ఏళ్ళ ముందు తీసేసి ఉంటే ఇంకా మంచిది. కానీ నాకు కష్టంగా అనిపించింది ఇంకొకటి. అప్పుడు వద్దన్నారు, ఇప్పుడు కనమంటున్నారు. కనేవాళ్ళను అడగడం అప్పుడూ లేదు, ఇప్పుడూ వినబడలేదు.

అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తా టీవీ వైపు చూస్తోంది. ఆమెకు 68 ఏళ్ళు. వాల్యూమ్ తగ్గించి, 45 ఏళ్ళుగా అడగనిది ఆ రోజు అడిగాను.

'అమ్మా, ఆపొద్దు క్యాంపులో నిన్ను ఎవురన్నా అడిగినారామ్మా? చేయించుకుంటావా లేదా అని?'

'నన్నడిగేదెవురు మే?'

'అడిగుంటే ఏం చెప్పేదానివి? వద్దనేదానివా?'

చేతిలో ఉన్న కాయ పక్కన పెట్టింది. చాలాసేపు ఆలోచించింది.

'వద్దని ఎందుకంటా. ముగ్గురు పిలకాయలు చాల్లే అనుకుంటానే ఉంటి. ఒక్క నెల ఆగమని ఉందును. వాడు పాలకు ఏడస్తా ఉండె, ఎత్తుకోనీలా.'